బాయిలర్ మోత సరే, ఆ బకెట్ సంగతేమిటి?

ప్రశ్న: మా ఇంట్లో గ్యాస్ బాయిలర్ పెట్టి 9 ఏళ్లయింది. కుళాయిల్లో వేడినీళ్లకీ, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకీ అదొక్కటే దిక్కు. ఈమధ్య హీటింగ్ వేసిన కాసేపటికే లోపల్నుంచి గుడగుడమని మొదలై, గోడ అదిరేంత మోత వస్తోంది. ఒకట్రెండు సార్లు ఢబ్బుమని కూడా వినిపించింది. ప్రెషర్ ముల్లు రెండు మూడు రోజులకోసారి సున్నా దగ్గరికి పడిపోతుంది, బాయిలర్ ఆగిపోతుంది, మావారు కింద ఉన్న వాల్వ్ తిప్పి నీళ్లు నింపి రీసెట్ నొక్కుతారు. గ్యాస్ ఖర్చు తగ్గుతుందని వాడని మూడు గదుల్లో రేడియేటర్లు కట్టేశాం. చూడటానికి వచ్చినతను ఐదు నిమిషాలు అటూ ఇటూ చూసి, దీని పనైపోయింది, కొత్తది పెట్టించుకోండి అన్నాడు. మా అత్తగారు అది ఎప్పుడు పేలుతుందోనని నిద్రపోవడం లేదు. నిజంగా మార్చాల్సిందేనా? అన్నట్టు, బయట గోడకున్న రాగి గొట్టం నుంచి నీళ్లు కారుతుంటే కింద బకెట్ పెట్టాం. అది మామూలేనా?

సమాధానం: మీరు అన్నీ రాసేశాక "అన్నట్టు" అంటూ చివర్లో తగిలించిన ఆ బకెట్ దగ్గరే నాకు సగం జవాబు దొరికింది. దాని దగ్గరికి వస్తాను. కానీ అంతకన్నా ముందు ఆ ఢబ్బు ఏమిటో తేలాలి, ఎందుకంటే మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా కొంప మునగదు, అది మాత్రం ఆగకూడదు.

ఆ శబ్దం సరిగ్గా ఎప్పుడు వచ్చిందో ఇంట్లో అందరూ ఒకసారి గుర్తు చేసుకోండి. బాయిలర్ మొదలయ్యేటప్పుడు ఒక వరస ఉంటుంది: ముందు ఫ్యాన్ తిరిగిన చప్పుడు, ఆ తర్వాత టిక్ టిక్ మని స్పార్క్, ఆ వెంటనే మెత్తగా బుస్సుమని మంట అంటుకోవడం. ఆ టిక్ టిక్ వెనకాలే ఢబ్బుమంటే మాత్రం గ్యాస్ వదిలిన వెంటనే అంటుకోవడం లేదన్నమాట. కొద్ది క్షణాలపాటు గ్యాస్ బర్నర్ చుట్టూ పోగై, అదంతా ఒక్కసారిగా అంటుకుంటోంది. స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రోడ్ అరిగిపోవచ్చు, దాని ఎడం మారిపోవచ్చు, బర్నర్‌లో మురికి చేరవచ్చు, గ్యాస్, గాలి పాళ్లు తప్పి ఉండవచ్చు. ఏదైనా సరే అది మీరూ నేనూ ముట్టుకునే పని కాదు. బాయిలర్ ఆపేసి, దానికి వెళ్లే గ్యాస్ వాల్వ్ కట్టేసి, గ్యాస్ పని చేయడానికి లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. ఇంకోసారి వేసి చూద్దాం, వస్తుందో రాదో అనే ప్రయోగం అస్సలు వద్దు.

అలా కాకుండా బాగా వేడెక్కాకో, ఆపేసిన తర్వాతో, నేల కిందో గోడలోనో ఢబ్బుమంటే దాని కథ వేరు, భయం కూడా అంత లేదు. రాగి పైపు వేడికి సాగుతుంది. 10 మీటర్ల పైపు 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, ఆ సాగడానికి చోటు లేకుండా చెక్కకో క్లిప్పుకో బిగుసుకుని ఉంటే కాసేపు పట్టుకుని, ఒక్కసారిగా జారుతుంది. టిక్కు టిక్కుమనడం, అప్పుడప్పుడూ టంగుమనడం ఇదే.

ఇక మీ అత్తగారి భయం. పెద్దావిడ నిద్ర మానుకునేంత ప్రమాదం ఆ గుడగుడలో లేదని చెప్పండి. నీళ్లు మితిమీరి వేడెక్కితే బర్నర్‌ని ఆపేసే కటాఫ్ ఒకటి ఉంటుంది, ప్రెషర్ 3 బార్‌కి (బార్ అంటే ప్రెషర్ కొలత) చేరితే తనంతట తానే తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వ్ ఇంకొకటి, మంట కనిపించకపోతే గ్యాస్ మూసేసే ఏర్పాటు మరొకటి. (మీ బకెట్‌లో పడుతున్నవి ఆ రెండోదాని పుణ్యమే, అనుకుంటున్నాను.) గ్యాస్ బాయిలర్ విషయంలో నిజంగా భయపడాల్సింది చప్పుడు చేసేదానికి కాదు, చప్పుడూ వాసనా రంగూ ఏమీ లేని కార్బన్ మోనాక్సైడ్‌కి. మంట సరిగ్గా మండకపోతే పుట్టేది అదే. మంట కనిపించే చిన్న కిటికీ మీ బాయిలర్‌కి ఉంటే మంట నీలంగా నిటారుగా ఉందో లేదో చూడండి. పసుపు, నారింజ రంగులో నీరసంగా ఊగుతుంటే, బాయిలర్ మీదో పక్క గోడ మీదో మసి మరకలు కనిపిస్తుంటే, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం వచ్చి బయటికి వెళ్తే తగ్గిపోతుంటే, ఇంకేమీ ఆలోచించకుండా బాయిలర్ ఆపి, తలుపులు తీసి, బయటికి వెళ్లి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి, డాక్టరుకీ చూపించుకోండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి అది కొనే పని చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం తయారైనదైతే గాలిలో ఆ వాయువు 300 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 300 పాళ్లు) ఉంటే 3 నిమిషాల్లోపు మోగాలి, 50 పీపీఎం ఉంటే గంట నుంచి గంటన్నర మధ్యలో. ఉన్నా కూడా దాని వెనక రాసిన గడువు తేదీ ఒకసారి చూడండి, లోపలి సెన్సర్‌కి వయసు అయిపోతుంది. టెస్ట్ బటన్ నొక్కితే కుయ్యిమంది కదా అని నిశ్చింతగా ఉండకండి, చాలా వాటిలో ఆ బటన్ పరీక్షించేది హారన్‌నీ బ్యాటరీనే తప్ప సెన్సర్‌ని కాదు. గ్యాస్ వాసన వస్తే చేయాల్సింది మీకు తెలిసే ఉంటుంది: లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా మెయిన్ వాల్వ్ కట్టి, కిటికీలు తీసి, బయటికి వెళ్లి అక్కడినుంచి ఫోన్.

సరే, ఇప్పుడు బకెట్.

బాయిలర్ నుంచి గోడ బయటికి మామూలుగా రెండు చిన్న గొట్టాలు వస్తాయి. ఒకటి ప్లాస్టిక్‌ది. కొత్తరకం కండెన్సింగ్ బాయిలర్‌లో పొగలోని ఆవిరి చల్లబడి నీరైతే ఆ నీళ్లు పోయేది దాంట్లోంచి. ఒక ఘనపు మీటరు సహజ వాయువు మండితే సుమారు లీటరున్నర నీళ్లకి సరిపడా ఆవిరి పుడుతుంది కాబట్టి బాయిలర్ నడుస్తున్నంతసేపూ దాంట్లోంచి నీళ్లు పోవడం మామూలే. రెండోది రాగిది, సాధారణంగా దాని మూతి గోడ వైపుకో కిందికో వంగి ఉంటుంది. అది ఎప్పుడూ పొడిగా ఉండాలి. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. అది 3 బార్ సేఫ్టీ వాల్వ్ నోరు. మీరు స్పష్టంగా రాగి గొట్టం అన్నారు కాబట్టి జవాబు చెప్పేస్తున్నా: అది మామూలు కాదు. మీరు కుళాయిలోంచి లోపలికి నింపుతున్న నీళ్లే ఆ గొట్టంలోంచి బకెట్‌లోకి వస్తున్నాయి. ఈలోపు ఒక మాట, ఆ కారడం ఆపాలని దానికి బిరడా కొట్టడం, టేపు చుట్టడం లాంటి ఆలోచన ఎవరైనా చేస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. మీ అత్తగారు భయపడుతున్నది జరగకుండా కాపాడుతున్నది అదే.

నీళ్లు ఎందుకు కారుతున్నాయో చూద్దాం. మీ బాయిలర్, పైపులు, రేడియేటర్లు అన్నీ కలిపి 100 లీటర్ల నీళ్లున్నాయనుకుందాం. చల్లటి నీళ్లు 70, 80 డిగ్రీలకి వేడెక్కితే రెండు నుంచి మూడు లీటర్ల మేర ఉబ్బుతాయి. మూసి ఉన్న పైపుల్లో ఆ ఉబ్బిన నీళ్లు ఎక్కడికి పోవాలి? దానికోసమే బాయిలర్ లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్ అని ఒక రేకు డబ్బా ఉంటుంది, మధ్యలో రబ్బరు పొర, పొరకి ఒక పక్క గాలి, ఇంకో పక్క మీ రేడియేటర్ నీళ్లు. నీళ్లు ఉబ్బితే రబ్బరు గాలి వైపుకి వంగి చోటిస్తుంది, చల్లారితే వెనక్కి నెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాలి కొద్దికొద్దిగా తగ్గిపోతుంది, లేదా రబ్బరే చిరిగిపోతుంది. అప్పుడు డబ్బా నిండా నీళ్లే. ఇక వేడెక్కినప్పుడు ఉబ్బడానికి చోటు లేక ప్రెషర్ చకచకా పెరిగి 3 బార్‌కి చేరుతుంది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని కాసిని నీళ్లు బకెట్‌లోకి వదులుతుంది. రాత్రి బాయిలర్ ఆగి చల్లారాక చూస్తే ఆ వదిలిన మేరకి ప్రెషర్ తక్కువ. మీవారు మళ్లీ నింపుతారు. మర్నాడు మళ్లీ ఇదే.

ఇది ఊహో నిజమో మీరే తేల్చుకోవచ్చు, ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఢబ్బు సంగతి తేలి, బాయిలర్ నడపొచ్చని తెలిశాకే చేయండి. పొద్దున్నే హీటింగ్ వేయకముందు, అంతా చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో రాసుకోండి. చాలా ఇళ్లలో చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి, మీ బాయిలర్ పుస్తకంలో కచ్చితమైన అంకె ఉంటుంది. అంతకన్నా తక్కువుంటే అంతవరకు నింపి, నింపే గొట్టానికి ఉన్న వాల్వులు రెండు వైపులా గట్టిగా కట్టేశారో లేదో చూడండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు, ఆ వాల్వు సరిగ్గా పడకపోతే నీళ్లు సన్నగా లోపలికి వస్తూనే ఉండి, వెసెల్ బాగున్నా సరే ప్రెషర్ 3కి పోతుంది. తర్వాత హీటింగ్ వేసి, రేడియేటర్లన్నీ బాగా కాలేదాకా ఆగి మళ్లీ చూడండి. ముల్లు కాస్త పెరిగి 2 లోపో, అక్కడక్కడో ఆగితే వెసెల్ పని చేస్తోంది, నీళ్లు ఇంకెక్కడో పోతున్నాయి, రేడియేటర్ వాల్వుల దగ్గరా పైపు జాయింట్ల దగ్గరా తడి కోసం వెతకాలి. మీ కళ్లముందే ముల్లు 2 దాటి, రెండున్నర దాటి, 3 దగ్గరికి పోయి, బయట బకెట్‌లో ధార మొదలైందంటే ఇక అనుమానం లేదు. నింపే వాల్వు కట్టే ఉంటే దోషం వెసెల్‌దే. బాయిలర్ ఆపేయండి. మూడో రకం ఒకటుంది: ముల్లు ఎక్కడా పెరగదు, అయినా రాగి గొట్టం నుంచి చుక్క చుక్క పడుతూనే ఉంటుంది. అప్పుడు సేఫ్టీ వాల్వే పాడైంది. ఒకసారి తెరుచుకున్న వాల్వ్ అంచులో మడ్డి ఇరుక్కుంటే మళ్లీ పూర్తిగా మూసుకోదు. మీకు ఇన్నాళ్లుగా కారుతోంది కాబట్టి నా అంచనా రెండూ ఉన్నాయని, వెసెల్ మొదట పోయింది, దాని వల్ల వాల్వ్ కూడా చెడింది.

దీనికీ గుడగుడకీ సంబంధం ఏమిటంటారా? అసలు నేను ఇంత పొడుగు జవాబు రాస్తున్నదే దానికోసం. ఆ వచ్చినతను మోత విన్నాడు, బకెట్ చూడలేదు. మీరు కూడా మోత ఒకటి, ప్రెషర్ ఒకటి, కారడం ఒకటి అని మూడు వేర్వేరు జబ్బులుగా రాశారు. నాకైతే ఈ మూడూ ఒకే గొలుసులా కనిపిస్తున్నాయి, ఆ గొలుసుని నడిపిస్తున్నది మీవారు తిప్పే ఆ వాల్వ్.

రేడియేటర్ల పైపుల్లో నీళ్లు ఒకసారి నింపి వదిలేస్తే కొన్నాళ్లకి అవి నిర్జీవమైపోతాయి. వాటిలో కరిగిన ఆక్సిజన్ కాస్త ఇనుముతో కలిసి అయిపోతుంది, ఉన్న కాసిని సున్నపు ఉప్పులు ఎక్కడో ఒకచోట పేరుకుని ఊరుకుంటాయి, ఇక పెద్దగా ఏమీ జరగదు. రెండు మూడు రోజులకోసారి కొత్త నీళ్లు నింపితే? ప్రతిసారీ కొత్త ఆక్సిజన్, కొత్త సున్నం. ఆక్సిజన్ రేడియేటర్ల ఇనుమును లోపల్నుంచి తింటుంది, ఆ తుప్పు నల్లటి మడ్డిగా మారి పైపుల్లో తిరుగుతుంది, నీళ్ల వేగం తగ్గే చోటల్లా దిగుతుంది. సున్నం సంగతి ఇంకా చిత్రం. పంచదారా ఉప్పూ వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి కదా, నీళ్లలోని ఈ సున్నం మాత్రం ఎంత వేడెక్కితే అంత గట్టిగా విడిపోయి పొరగా అతుక్కుంటుంది. అందుకే ఇంట్లో ఎన్ని మీటర్ల పైపు ఉన్నా వదిలేసి, సరిగ్గా మంట తగిలే చోట, అంటే మంట వేడిని నీళ్లకి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ లోపలే పేరుకుంటుంది.

అడుగున మందంగా గార కట్టిన గిన్నెలో నీళ్లు పెడితే ఎసరు రాకముందే అడుగు నుంచి గుడగుడ మొదలవుతుంది, మీ బాయిలర్‌లో జరుగుతున్నది అదే, కాకపోతే మూసిన లోహపు గొట్టంలో. గార వల్ల వేడి నీళ్లకి సమంగా అందదు, లోహం మాత్రం కొన్ని చోట్ల విపరీతంగా కాలిపోతుంది, ఆ చోట్ల నీళ్లు చుక్క చుక్కగా ఆవిరవుతాయి. మామూలు గాలి ఒత్తిడిలో నీరు ఆవిరైతే 1,600 రెట్లకి పైగా ఉబ్బుతుంది, బాయిలర్ ప్రెషర్‌లో అంత కాకపోయినా చాలానే ఉబ్బుతుంది. ఆ బుడగ పక్కనున్న కాస్త చల్లటి నీళ్లని తాకగానే టప్పున కూలిపోతుంది. ఇలాంటివి వేలకొద్దీ పుట్టి కూలుతుంటే ఆ లోహం, బాయిలర్ రేకు, దాన్ని బిగించిన గోడ అన్నీ కలిసి మోగుతాయి. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని కెట్లింగ్ అంటారు, మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడండి, మీకు విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

గార ఒక్కటే కాదు, లోపల నీళ్లు నెమ్మదిగా కదిలినా ఇదే మోత వస్తుంది, మంట ఇచ్చే వేడిని మోసుకుపోవడానికి చాలినన్ని నీళ్లు రావు మరి. ఇక్కడే మీరు కట్టేసిన ఆ మూడు రేడియేటర్లు. వాటివల్ల ఎంత గ్యాస్ ఆదా అయిందో నాకు తెలీదు గానీ, ముందే మడ్డి పట్టి నీళ్లు కష్టంగా తిరుగుతున్న లైన్లో మూడు దార్లు మూసేశారు. ప్రస్తుతానికి అన్నీ తెరవండి. దాంతో పాటు బాయిలర్ మీద రేడియేటర్ల ఉష్ణోగ్రత నాబ్ 75, 80లో ఉంటే 60కి తగ్గించండి. మోత సగానికి సగం తగ్గిందంటే అది కెట్లింగే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. 60 అంటే ఇల్లు వెచ్చబడటానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది కానీ కండెన్సింగ్ బాయిలర్ గ్యాస్ ఆదా చేసేది కూడా అప్పుడే, రేడియేటర్ల నుంచి బాయిలర్‌కి తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపుంటేనే పొగలోని ఆవిరి నీరై తన వేడిని వదులుతుంది. గ్యాస్ ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే గదులు కట్టేయడం కన్నా ఈ నాబ్ తగ్గించడం మంచి పద్ధతి. ఒక్క జాగ్రత్త: మీకు కుళాయి నీళ్లు అప్పటికప్పుడు కాగకుండా పెద్ద ట్యాంకులో నిలవ ఉండే పద్ధతైతే ఆ ట్యాంకు నీళ్లు 60 డిగ్రీలకి తగ్గకూడదు, గోరువెచ్చటి నిలవ నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అలాంటప్పుడు నాబ్ అంతకన్నా కాస్త పైనే ఉంచాలి.

మడ్డి ఎంత ఉందో కూడా మీరే చూడొచ్చు. హీటింగ్ నడుస్తుండగా ఒక్కో రేడియేటర్‌ని పైనా కిందా చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది, జాగ్రత్త. పైన చల్లగా కింద వేడిగా ఉంటే గాలి చేరింది. పైన వేడిగా, కింద మధ్యలో చల్లగా ఉంటే అక్కడ మడ్డి దిగింది. ఆ తర్వాత అంతా ఆపి, చల్లారాక, ఒక రేడియేటర్ పైమూలనున్న చిన్న గాలి వాల్వ్‌ని దాని తాళంచెవితో కొద్దిగా తిప్పి, ముందు గాలి పోనిచ్చి, వెనకాలే వచ్చే నీళ్లు ఒక తెల్ల కప్పులో పట్టండి. లేత రంగులో ఉంటే పర్లేదు. నల్లగా ఉంటే, కప్పు కాసేపు కదపకుండా ఉంచితే అడుగున సన్నటి నల్లపొడి దిగుతుంది, కప్పు బయట అయస్కాంతం పెట్టి జరిపితే ఆ పొడి దాని వెనకే జరుగుతుంది. తుప్పు అని ఇంకెవరూ మీకు చెప్పక్కర్లేదు. ఈ గాలి తీసే పనిలో అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి, లోపల తుప్పు పడుతున్నప్పుడు పుట్టే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది, అది మండుతుంది. తరచూ ఒకే రేడియేటర్ పైన గాలి చేరుతోందంటే అది బయటి గాలి కాకుండా ఇదే కావచ్చు.

మిగతా శబ్దాలు క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే మీ వర్ణనకి అవి అంతగా సరిపోవు. కీచుమంటూ, ఫ్యాన్ తిరిగినంతసేపూ ఒకే స్థాయిలో ఉంటే ఫ్యాన్ బేరింగ్. మంట ఆగిపోయాక కూడా గూయ్‌మని కొనసాగితే పంపు. ఆపాక కాసేపు పంపు తిరగడం మామూలే, లోపల మిగిలిన వేడిని తోసేయడానికి అలా పెడతారు. గులగులమని నీళ్లు పారినట్టుంటే గాలి, లేదా ఆ ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయింది. చలి బాగా ఉన్న చోట్ల ఆ గొట్టంలో నీళ్లు గడ్డకట్టి బాయిలర్ ఆగిపోవడం కూడా ఉంది, గోరువెచ్చటి నీళ్లు పోస్తే కరుగుతుంది, మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ పగిలిపోతుంది.

ఇక కొత్తది కొనాలా అన్న మీ అసలు ప్రశ్న. ఇప్పుడే వద్దు. ఆ వచ్చినతను ఏ భాగం పోయిందో చెప్పాడా? చెప్పకుండా "పనైపోయింది" అంటే అది రోగం పేరు కాదు. 9 ఏళ్లంటే బాయిలర్‌కి లేత వయసు కాదు, అలాగని వదిలించుకునే వయసూ కాదు, సరిగ్గా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు నడిచేవి బోలెడు. వెసెల్, సేఫ్టీ వాల్వ్ రెండూ మార్చగలిగే భాగాలే. ముందు వెసెల్‌లో గాలి మాత్రమే తగ్గిందా, రబ్బరే పోయిందా చూడాలి. దానికి కారు టైరుకుండే రకం గాలి వాల్వే ఉంటుంది, దాన్ని నొక్కితే గాలి వస్తే ఆశ ఉంది, నీళ్లు వస్తే రబ్బరు చిరిగినట్టే. గాలి నింపాలంటే ముందు పైపుల్లో ప్రెషర్ సున్నాకి దించి, ఆ తర్వాత పుస్తకంలో రాసినంత, మామూలుగా 0.75 నుంచి 1 బార్ దాకా కొట్టాలి. నీళ్ల ప్రెషర్ దించకుండా కొడితే గేజ్ తప్పు అంకె చూపిస్తుంది, రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. చాలా బాయిలర్లలో ఆ వాల్వ్ కవర్ లోపల ఉంటుంది, కొన్నిటిలో ఆ కవరే పొగ ఇంట్లోకి రాకుండా ఆపే మూత కూడా, కాబట్టి మీవారికి ఎంత ఉత్సాహం ఉన్నా కవర్ జోలికి పోవద్దని చెప్పండి. లోపలి వెసెల్ తీయడానికి బాయిలర్ మొత్తం గోడ నుంచి దించాల్సి వస్తుందని మెకానిక్ అంటే కంగారు పడకండి, తిరిగొచ్చే పైపు మీద బయట విడిగా ఇంకో వెసెల్ బిగించొచ్చా అని అడగండి. చాలాసార్లు బిగించొచ్చు, చవక కూడా.

పని వరస మాత్రం మీరు పట్టుబట్టి చేయించుకోవాలి. ముందు వెసెల్, సేఫ్టీ వాల్వ్. ఒక వారం ముల్లు కదలకుండా నిలబడిందని చూశాక శుభ్రం చేయడం. చాలామంది మోత వినగానే ముందే పవర్ ఫ్లష్ (యంత్రంతో నీళ్లు జోరుగా తిప్పి పైపులు కడగడం) చేసేస్తారు, కారడం మాత్రం అలాగే వదిలేస్తారు, దాంతో శుభ్రం చేసిన పైపుల్లోకి మళ్లీ కొత్త నీళ్లు, కొత్త సున్నం. డబ్బు దండగ. శుభ్రం చేసేటప్పుడు మీ హీట్ ఎక్స్‌ఛేంజర్ అల్యూమినియందా, స్టెయిన్‌లెస్ స్టీల్‌దా అని అడిగి, దానికి పనికొచ్చే మందే వాడుతున్నారా అని చూసుకోండి, గార కరిగించే ఘాటైన ఆమ్లాలు కొన్ని అల్యూమినియాన్ని కూడా తినేస్తాయి. రేడియేటర్లు బాగా పాతవైతే పవర్ ఫ్లష్ ధాటికి కారడం మొదలవ్వొచ్చు, మడ్డి అడ్డుపడి నిలబడ్డ చిల్లులు అప్పుడు బయటపడతాయి. అలాంటి ఇళ్లలో క్లీనర్ మందు వేసి కొన్ని వారాలు మామూలుగా తిరగనిచ్చి, ఆ తర్వాత ఖాళీ చేయడం నయం. చివర్లో తుప్పు ఆపే ఇన్హిబిటర్ మందు తప్పకుండా వేయించండి, తిరిగొచ్చే పైపు మీద అయస్కాంతం ఫిల్టర్ పెట్టించండి. మీరు నింపిన ప్రతిసారీ పాత ఇన్హిబిటర్ పలచబడుతూ వచ్చింది, ఈపాటికి అది ఉన్నా లేనట్టే.

మార్చాల్సిన పరిస్థితులు ఉన్నాయి, లేవనను. హీట్ ఎక్స్‌ఛేంజరే చిల్లుపడి బాయిలర్ లోపల కారుతుంటే, లేదా మీ మోడల్ విడిభాగాలు దొరకడం మానేస్తే, లేదా వెసెల్, వాల్వ్, ఫ్యాన్, సర్క్యూట్ బోర్డు అన్నీ వరసగా పోతుంటే అప్పుడు లెక్క వేసుకుని కొత్తది కొనండి. కానీ అప్పుడైనా ఈ మడ్డి నీళ్ల మీదే కొత్త బాయిలర్ తగిలిస్తే రెండేళ్లలో అదీ గుడగుడలాడుతుంది, వారంటీ అడిగితే పైపులు శుభ్రం చేసిన కాగితం చూపించమంటారు. చాలా కంపెనీలు ఆ షరతు పెడతాయి.

ఇంకొకటి, రీసెట్ బటన్. ప్రెషర్ తగ్గి ఆగినప్పుడు నింపి ఒకసారి నొక్కడం వేరు. మంట అంటుకోక ఆగిపోతుంటే అదే పనిగా నొక్కడం వేరు. ఒకట్రెండు సార్లకి నిలబడకపోతే ఆపేసి, తెర మీద వచ్చిన కోడ్ రాసుకోండి లేదా ఫోన్‌తో ఫోటో తీయండి. రీసెట్ నొక్కగానే ఆ కోడ్ చెరిగిపోతుంది, వచ్చిన మెకానిక్‌కి బాగా పనికొచ్చేది అదే.

ప్రెషర్ మూడు సందర్భాల్లో చూసి రాయండి: చల్లగా ఉన్నప్పుడు, బాగా వేడిగా ఉన్నప్పుడు, మర్నాడు పొద్దున. బకెట్ ఖాళీ చేసి పెట్టి ఆ ఒక్క రోజులో ఎన్ని నీళ్లు పడ్డాయో కూడా కొలవండి. ఆ కాగితం, ఢబ్బు ఎప్పుడొచ్చిందన్న మాట, కప్పులో నీళ్ల రంగు, ఇవి పెట్టుకుని వేరే మెకానిక్‌ని పిలవండి, లైసెన్సు కార్డు అడిగి చూసి మరీ. అతను వచ్చీ రాగానే బయటికి వెళ్లి ఆ రాగి గొట్టం చూశాడంటే పని తెలిసినవాడే.